దయచేసి మా జీపును ఫెయిల్ చేయండి

కొత్త కారు కొన్నవాడు చెడిపోతాడు. పాత జీపు కొన్నవాడికి జీపు మాత్రమే చెడిపోతుంది. ఈ రెండిట్లో ఏది మేలో మీరే చెప్పండి!

నవ్వకండి. ముప్పై నాలుగేళ్ళు బడిపిల్లలకు లెక్కలూ భూగోళమూ చెప్పి రిటైరైన మనిషిని. తూచి మాట్లాడడం నా అలవాటు. పద్నాలుగు ఇళ్ళున్న సూవి బ్రేగ్ అనే మా కొండ ఊరికి ఏకైక వాహన యజమానిని. ఇరవై తొమ్మిదేళ్ళ వయసున్న నా జీపు పక్కన నిలబడి ఈ మాట అంటున్నాను. లోపల కూర్చుని అనకూడదా అంటారేమో. కూర్చోవచ్చు. దిగడమే నా చేతిలో లేదు.

పట్నంలో ఇలాంటి బండిని ఎస్‌యూవీ అంటారు. మాకు జీపే. ఏ కంపెనీదో చెప్పలేను. ముందున్న పేరు పలక ఊడిపోయి చాలా కాలమైంది, వెనకది కూడా దాన్ని వెతుక్కుంటూ పోయింది. పైగా ఇప్పుడు ఇందులో ఎన్ని కంపెనీల సామాన్లున్నాయంటే, ఒకరి పేరు చెబితే మిగతావాళ్ళకు అన్యాయం చేసినట్టవుతుంది. రేడియేటర్ ఒక ట్రాక్టరుది. గేర్ రాడ్ తలకాయ మా బడి గంటకు ఉండే పిడి. ఎడమవైపు అద్దం మా ఆవిడ రుజిత్స ముఖం చూసుకునే అద్దంలోంచి కోసింది.

దిగడం గురించి చెప్పాలి కదా. డ్రైవరు తలుపు లోపలినుంచి తెరుచుకోదు. బయటినుంచి ఎవరైనా తీయాలి. ఇది లోపమంటారా? మంత్రిగారికి తలుపు తీయడానికి ఒక్క మనిషి ఉంటాడు. నాకు ఊరంతా ఉంది! ఎవరూ దారిన పోకపోతే లోపలే కూర్చుని జీవితం గురించి ఆలోచించుకుంటాను. పోయిన వేసవిలో రెండు గంటలు ఆలోచించుకున్నాను. మనిషికి అంతకంటే ఎక్కువ ఆలోచన మంచిది కాదని తేలింది.

హీటర్ ఆగదు. జనవరిలోనూ ఆగదు, జూలైలోనూ ఆగదు. వెనక ఎడమ కిటికీ అద్దం పైకి రాదు. ఈ రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి కదా అని మీరనుకుంటే మీరు మావాళ్ళు కారన్నమాట. మావాళ్ళు ఇన్ని యుద్ధాలు చూసి బెదరలేదు గానీ, తెరిచిన రెండు కిటికీల మధ్య దూరే గాలికి గడగడలాడతారు. మెడ పట్టినా ఆ గాలే, మూత్రపిండాలు చెడినా ఆ గాలే, కోడలు పుట్టింటికి పోయినా ఆ గాలే! అందుకని నా జీపులో ఎక్కిన ప్రతివాడూ మండు వేసవిలో మెడకు ఊలు మఫ్లరు చుట్టుకుని, తలకు టోపీ పెట్టుకుని, హీటర్ ముందు చెమటలు కక్కుతూ కూర్చుంటాడు. పట్నం చేరేసరికి ఒంట్లో ఉన్న జబ్బంతా నీరై పోతుంది. ఇదే ఆవిరి స్నానానికి పట్నంలో టికెట్ పెట్టారట.

డీజిల్ ముల్లు ఎప్పుడూ ఫుల్ మీదే ఉంటుంది. ట్యాంకు నిండినా ఫుల్, ఎండినా ఫుల్. ఇంత ధైర్యం చెప్పేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు?

సెల్ఫ్ మోటారు సంగతి వేరు. తాళం తిప్పగానే ఒకరు కిందికి దూరి దాన్ని సుత్తితో ఒకటి వెయ్యాలి. ముందుగా వేస్తే పలకదు, ఆలస్యంగా వేస్తే అలుగుతుంది. అంటే ఇద్దరు కావాలి, ఆ ఇద్దరికీ ఒకరి మనసు ఒకరికి తెలియాలి. మా పెళ్ళయి నలభై ఏళ్ళు. రుజిత్సా నేనూ ఏ విషయంలోనూ ఏకాభిప్రాయానికి రాలేదు, సెల్ఫ్ మోటారు దగ్గర తప్ప. సుత్తి ఎప్పుడూ ఆవిడ చేతిలోనే ఎందుకుంటుందని స్నేహితులు అడుగుతారు. తాళం నా చేతిలో ఉంది కదా అని జవాబిస్తాను.

ఇక చదువు. నాలుక చూసి డాక్టరు రోగం చెప్పినట్టు, పొగ చూసి బండి రోగం చెప్పొచ్చు. నల్లగా వస్తే డీజిల్ సరిగా కాలడం లేదు. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. తెల్లగా వస్తే నీళ్ళు లోపలికి దిగుతున్నాయి, హెడ్ గ్యాస్కెట్ పోయింది. మాది పొద్దున తెలుపు, ఎండెక్కాక నీలం, కొండ ఎక్కేటప్పుడు నలుపు. పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి బొమ్మల పుస్తకం ఉందా! మా ఊళ్ళో చదువుకునే పిల్లలు మిగల్లేదు గనక, ఆ పాఠం ప్రస్తుతం గొర్రెలు వింటున్నాయి.

రేడియేటర్ కారితే ఏం చేయాలి? గుడ్లు కొట్టి పొయ్యాలి. నిజం! వేడికి తెల్లసొన ఉడికి చిల్లిని పూడ్చేస్తుంది. మా మెకానిక్ గ్వోజ్దెన్ ఒకటి చాలన్నాడు, నేను నమ్మకం కొద్దీ నాలుగు పోశాను. చిల్లి పూడింది. దాంతోపాటు నీళ్ళ దారంతా పూడింది. ఆ రోజు ఇరవై మూడు కిలోమీటర్లు ఆమ్లెట్ వాసనలో ప్రయాణం చేశాం. పట్నంలో దిగిన ఆరుగురూ నేరుగా హోటల్లోకి పరిగెత్తారు.

ఈ గ్వోజ్దెన్ గురించి రెండు మాటలు చెప్పాలి. నా దగ్గర చదువుకున్నవాడే. మా ఊళ్ళో పానా పట్టడం తెలిసినవాడు అతనొక్కడే. మా దేశంలో ఏ పనివాడైనా, అది మెకానిక్ గానీ ప్లంబర్ గానీ పళ్ళ డాక్టరు గానీ, మూత తెరవగానే మొదట అనే మాట ఒకటుంది. "ఇది మీకెవడు చేశాడు?" ఆ మాట అనకుండా పని మొదలుపెట్టినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. గ్వోజ్దెన్ కూడా బానెట్ ఎత్తి, లోపలి తీగలూ తాళ్ళూ చూసి, తల పట్టుకుని, చాలా బాధగా అంటాడు.

"ఇది మీకెవడు చేశాడు మాస్టారూ?"

"నువ్వే గ్వోజ్దెన్. పన్నెండేళ్ళుగా దీన్ని నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోలేదు."

అతను ఒక తీగను లాగి చూస్తాడు. "అప్పుడు నా దగ్గర సరైన పానా లేదు" అంటాడు. ఇప్పుడూ లేదు. అయినా చేస్తాడు. అలా చేస్తుంటే ఊరంతా చుట్టూ చేరుతుంది. రాకియా సారా సీసా వస్తుంది, కాఫీ వస్తుంది, ఇంజనులో ఏమీ తెలియని పదముగ్గురు ఇంజనులోకి తొంగిచూస్తూ తలా ఒక సలహా ఇస్తారు. మా ఊరి కాఫీ హోటలు మూతపడి ఆరేళ్ళయింది, దుకాణం మూతపడి నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఊళ్ళో తెరుచుకునేది నా బానెట్ ఒక్కటే.

చూశారా ఎన్ని లాభాలో! ఇప్పుడు ఆ లాభాలన్నిటికీ మించినది చెబుతాను.

మా ఊరికి వారానికి రెండుసార్లు బస్సు వచ్చేది. రెండేళ్ళ కిందట ఆపేశారు. మేము పద్నాలుగు సంతకాలతో అర్జీ పెట్టుకున్నాం. ఐదు నెలలకు పురపాలక కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. "మీ గ్రామంలో సక్రమంగా నడిచే ప్రయాణ సాధనం ఒకటి ఉన్నట్టు మా రిజిస్టరు తెలియజేస్తున్నందున బస్సు అవసరం లేదని నిర్ణయించడమైనది." ఉత్తరం నేనే పైకి చదివాను. అంత మంచి సాధనం ఎవరింట్లో దాచుకున్నారా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. తర్వాత అందరూ ఒక్కసారిగా నా జీపు వైపు తిరిగారు. అంతమంది ఒకేసారి చూడడం అలవాటు లేక కాబోలు, దాని సైలెన్సర్ ఊడి కింద పడింది.

అర్థమైందా? ఒక ఊరి బస్సును ఆపగలిగిన జీపు నాది! ఇంత పలుకుబడి ఏ కొత్త కారుకుంది?

ఇక్కడ కాస్త నవ్వు ఆపాలి. ఊరి పైచివర దమ్యాంకక్క ఉంటుంది. డెబ్బై ఎనిమిదేళ్ళు. భర్త పోయాడు, పదకొండు గొర్రెలున్నాయి. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంటికి నెలకొకసారి పట్నం ఆసుపత్రిలో ఇంజెక్షన్ వేస్తారు. వేసినన్నాళ్ళూ చూపు నిలుస్తుంది, మానేస్తే పోతుంది. పోయిన చలికాలం రెండు ఇంజెక్షన్లు తప్పాయి. ఒకసారి నా జీపు క్లచ్ పోయి, ఇంకోసారి గ్యాస్కెట్ పోయి. ఇంకొకటి తప్పితే తాను చేయగలిగిందేమీ ఉండదని డాక్టరు చెప్పాడు. ఆవిడ ఇప్పుడు గొర్రెలను మెడగంట చప్పుడుతో గుర్తుపడుతోంది. ఆ సంగతి తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. జీపు నాది గనక సిగ్గూ నాదే.

అందుకని మే నెలలో మాకొక ఆలోచన వచ్చింది. ఏటా జరిగే ఫిట్‌నెస్ పరీక్షకు జీపును తీసుకెళ్ళాలి. అది ఫెయిలవ్వాలి. ఫెయిలైతే రిజిస్టరులోంచి పోతుంది. రిజిస్టరులోంచి పోతే ఊళ్ళో ప్రయాణ సాధనం లేనట్టే. లేకపోతే, వాళ్ళ ఉత్తరం ప్రకారమే, బస్సు రావాలి! ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ఇంత శుభ్రంగా తేలిన లెక్క నా సర్వీసులో లేదు.

ఫెయిలవడానికి ప్రత్యేకంగా ఏమీ పాడుచేయనక్కర్లేదని అందరం ఒప్పుకున్నాం. ఏదీ బాగుచేయకుండా ఉంటే చాలు. దీనికి గ్వోజ్దెన్ ఒక్కడే బాధపడ్డాడు. చెడిన బండిని చెడినట్టే పంపితే అక్కడ మూత తీసి, ఇది ఎవడు చేశాడని అడుగుతారన్నాడు. నీ పేరు చెప్పనని మాటిచ్చాకగానీ ఒప్పుకోలేదు.

నేను ఇంకో మెట్టు ఎక్కాను. పరీక్షాధికారికి శ్రమ ఉండకూడదని బండి లోపాలన్నీ వరసగా రాశాను. ముప్పై ఒకటి తేలాయి. బ్రేకులు ఐదుసార్లు తొక్కితే ఒకసారి పట్టడం దగ్గర మొదలుపెట్టి, ఎడమకు తిప్పితే హారన్ మోగడం దాకా. ముఖ్యమైనవాటి కింద ఎర్ర సిరాతో గీతలు కొట్టాను.

పరీక్షాధికారి పేరు చేదొమీర్. భారీ మనిషి. షెడ్డు ముందు చిన్న బల్ల వేసుకుని కాఫీ తాగుతున్నాడు. నేను తలుపు లోపలే ఇరుక్కుని చెయ్యి ఊపితే వచ్చి తీశాడు. మొదటి లోపం అక్కడే తెలిసిపోయిందని సంతోషించాను. కాగితం చేతికిచ్చాను. చదవలేదు. మడిచి జేబులో పెట్టుకుని కన్ను కొట్టాడు.

"మీరు దమ్యాంకత్త చెప్పిన మాస్టారే కదా?"

దమ్యాంకక్క ఇతనికి ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆ సంగతి తర్వాత చూద్దామని, ముందు బ్రేకులు చూడమన్నాను. ఎవరి బ్రేకులు మాత్రం పడుతున్నాయన్నాడు. పొగ చూడమన్నాను. చలికి బండి నోట్లోంచి ఆవిరి వస్తోందన్నాడు. మేలో! ఇంతలో జీపు దానంతట అదే కదిలింది. మెల్లగా వెళ్ళి కాఫీ బల్లను గోడ దాకా నెట్టి, అక్కడున్న పూలకుండీని పగలగొట్టి ఆగింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? చేదొమీర్ లేచి, చక్రం కింద తన చేత్తోనే ఇటుక పెట్టి, అదే చేత్తో ముద్ర తీసి కాగితం మీద గుద్దాడు.

నేను బతిమాలాను. ఇది ప్రమాదమయ్యా, ఫెయిల్ చెయ్యమన్నాను. సిగ్గుపడకండి మాస్టారు గారూ అన్నాడు. పైవాళ్ళకు ఫిర్యాదు చేస్తానన్నాను. తప్పకుండా చేయండి, అక్కడ మా బావమరిది ఉన్నాడు, ఏ ఇబ్బందీ లేకుండా చూసుకుంటాడన్నాడు. చివరికి, అసలు ఆవిడ నీకేం చెప్పిందయ్యా అని గట్టిగా అడిగాను.

"మీ బండి గురించి ఫోన్ చేసింది. ఆవిడ మా నాన్నకు కూమ్. ఇంక వినేదేముంది?"

కూమ్ అంటే మీకు తెలుసు. పెళ్ళిలో సాక్షిగా పక్కన నిలబడి, పుట్టిన బిడ్డకు జ్ఞానస్నానం చేయించినవాళ్ళు. అన్నదమ్ములతో కోర్టుకెక్కొచ్చు, కూమ్ మాట మాత్రం తీసెయ్యకూడదు. అలాంటి కూమ్ ఫిట్‌నెస్ అధికారికి ఫోన్ చేస్తే ఎందుకు చేస్తారు? బండిని ఫెయిల్ చెయ్యమని ఈ దేశంలో ఇంతవరకూ ఎవరైనా సిఫారసు చేయించారా? అందుకని ఆవిడ బండి అన్న మాట అనగానే ఇతను అర్థమైందత్తా, అర్థమైంది అని ఫోన్ పెట్టేశాడు.

కాగితం మీద "అన్ని విధాలా సక్రమం" అని ఉంది. ఆ కాగితంతో, ఐదుసార్లు తొక్కితే ఒకసారి పట్టే బ్రేకులతో, కొండ మీదికి తిరిగొచ్చాను. ఊరంతా ఎదురుచూస్తోంది. విషయం చెప్పాను. దమ్యాంకక్క తల వంచుకుని నిలబడింది.

"ఫెయిల్ చెయ్యమనే చెప్పాను మాస్టారూ. దణ్ణం పెడతా, ఫెయిల్ చెయ్యి నాయనా అనే చెప్పాను."

"అది ఎలాగూ ఫెయిలయ్యేదే కదక్కా. ఫోన్ ఎందుకు?"

"మనిషిని పంపిస్తూ ఒక్క మాటైనా చెప్పకుండా ఎలా పంపిస్తాం?"

కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఆవిడ డెబ్బై ఎనిమిదేళ్ళలో ఒక మాట చెప్పించకుండా అయిన పని చూడలేదు. కొడుకు సైన్యంలో చేరాలన్నా ఒక మాట, భర్తకు ఆసుపత్రిలో మంచం దొరకాలన్నా ఒక మాట, ఆ భర్తకే శ్మశానంలో నీడపట్టున చోటు కావాలన్నా ఒక మాట. ఉన్నది ఉన్నట్టు రాయించుకోవడానికి కూడా సిఫారసు కావాలనుకుంది. సిఫారసు వెళ్ళింది గనక ఉన్నది లేనట్టు రాశారు. ఇందులో ఆవిడ తప్పేముంది? మేమందరం అలాగే బతికాం. నాకా మాస్టారు ఉద్యోగం మా పెదనాన్న చెప్పిన ఒక మాటతోనే వచ్చింది.

వారం తిరక్కుండా పురపాలక కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. మా గ్రామ ప్రయాణ సాధనం మరో ఏడాదికి సక్రమంగా ఉన్నందుకు అభినందనలు తెలిపారు.

పోయిన గురువారం దమ్యాంకక్క ఇంజెక్షను. ఆ డాక్టరు వేరే నగరం నుంచి గురువారం పొద్దున మాత్రమే వస్తాడు. పదింటికి రమ్మన్నారు. ఏమీ జరక్కూడదని మేము ఏడింటికే బయల్దేరాం. రుజిత్స సుత్తి ఒక్క దెబ్బకే సెల్ఫ్ పలికింది. ఏడో మలుపు దగ్గర, ఊరికి నాలుగు కిలోమీటర్ల కింద, ఫ్యాన్ బెల్టు తెగింది.

బెల్టు తెగితే దాని బదులు ఆడవాళ్ళ పొడుగు మేజోడు కట్టి కొంత దూరం నడపొచ్చని అనుభవజ్ఞులు చెబుతారు. వాళ్ళు చెప్పేది నైలాన్ మేజోడు గురించి. దమ్యాంకక్కది ఊలుది, తన గొర్రెల ఊలుతో తానే అల్లుకున్నది. ఆవిడే విప్పి ఇచ్చింది. రెండు వందల గజాలు లాగింది. తర్వాత పోగులు పోగులుగా విడిపోయి, ఇంజను వేడికి మాడిపోయింది. ఫోన్లకు అక్కడ సిగ్నల్ లేదు. పెద్ద రోడ్డు ఇంకా ఏడు కిలోమీటర్లు. నడక మొదలుపెట్టాం. ఆవిడ ఒక కాలికి మేజోడు ఉంది, ఒక కాలికి లేదు. నా మోచెయ్యి పట్టుకుని, దారిలో ప్రతి రాయినీ కాలితో తడిమి చూసుకుంటూ నడిచింది.

కొంత దూరం పోయాక ఆ కాగితం మీ దగ్గరుందా అని అడిగింది. జేబులోనే ఉంది. తీసి ఇచ్చాను. కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. ఏం రాశారని అడిగింది. అన్ని విధాలా సక్రమమని రాశారని చెప్పాను.

"మరైతే మనమెందుకు నడుస్తున్నాం మాస్టారూ?"

పాఠకులారా, వేళాకోళంగా అడగలేదు. నిజంగానే అడిగింది.

పెద్ద రోడ్డు మీద పాల వ్యాను ఎక్కించుకుంది. ఆసుపత్రి చేరేసరికి ఒంటిగంట దాటింది. డాక్టరు వెళ్ళిపోయాడు. కిటికీ దగ్గరున్నామె ఆరు వారాల తర్వాతి తారీకు రాసిచ్చింది. దమ్యాంకక్క ఆ చీటీని చూడలేదు. నన్ను చదివి పెట్టమని కూడా అడగలేదు.

జీపు ఇంకా ఏడో మలుపులోనే ఉంది. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదని ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను. ఉత్తరాలు రాసినవాళ్ళు, ముద్ర గుద్దినవాడు, ఒక మాట చెప్పినవాళ్ళు, చెప్పించుకుని బతికిన నేను, అందరం సక్రమంగానే నడుస్తున్నాం. చేతగానప్పుడు చేతకాదని ఆగిపోయినది మా జిల్లాలో అదొక్కటే.